పోయింది అని చెప్పాను

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగాను. 2020 నవంబరు, కార్తీకం మొదలైన వారం. ఇంట్లో ఒక్కడినే ఉన్నా అలవాటు కొద్దీ రెండు ప్యాకెట్లు కొన్నాను. తిరిగొచ్చి గేటు తీస్తుంటే, పక్కనే సగంలో ఆగిపోయిన బిల్డింగు ముందు యాదమ్మ వాకిలి ఊడుస్తూ కనిపించింది.

యాదమ్మ భర్త ఆ బిల్డింగుకి వాచ్‌మన్. లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి, ఏప్రిల్‌లో ఇద్దరూ ఊరికి వెళ్లిపోయారు. పని మళ్లీ మొదలవుతుందని కబురొస్తే ముందు రోజే తిరిగొచ్చారట.

"బాగున్నవా సారు? హైమక్క కనిపిస్తలేదు?"

"పోయింది, యాదమ్మా."

"అట్లనా. ఎప్పుడు పోయింది?"

"సెప్టెంబరు ఆఖర్లో."

"ఒక్కతే పోయిందా?"

"ఒక్కతే. నన్ను రానివ్వలేదు."

"అయ్యో. గీ కరోనల ఒక్కదాన్ని ఎట్ల పంపినవ్ సారు?"

నేను పాల ప్యాకెట్లు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను. ఆమె చీపురు చంకన పెట్టుకుని, "సరె తియ్. నువ్వన్న జర పైలంగుండు" అని లోపలికి వెళ్లింది.

మెట్లెక్కుతూ ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. రెండు నెలల్లో నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. ఫోన్ చేసినవాళ్లందరూ ధైర్యంగా ఉండమన్నారు, అంతే. పల్లెటూరి మనిషి కనక దాపరికం లేకుండా అడిగింది అనుకున్నాను. ఆ రోజు ఆమె అడిగిందేమిటో, నేను చెప్పిందేమిటో అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

నేను దయ్యాలను నమ్మను అని చెప్పడం కన్నా, నా పని గురించి చెప్పడం మంచిది. ఇరవై రెండేళ్లుగా ఒక పత్రికలో జోన్ పేజీలు చూస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ఈ నాలుగింటి నుంచి కంట్రిబ్యూటర్లు పంపే వార్తలు దిద్ది పేజీలో పెట్టడం నా పని. కరోనా వచ్చాక అదే పని ఇంట్లో కూర్చుని, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా చేశాను.

ఆ సంవత్సరం వింత వార్తలు బాగా వచ్చాయి. ఎవరో వాయిస్ మెసేజ్ పంపారని హయత్‌నగర్ అవతల ఒక వీధి వీధంతా తులసి కుండీలను ఉత్తరం వైపు తిప్పి పెట్టింది. వనస్థలిపురంలో తాళం వేసిన ఇంట్లోంచి రోజూ కుక్కర్ కూత వినిపిస్తోందని ఒకరు రాశారు. నేను ఫోన్ చేసి గుచ్చి అడిగితే అది పక్కింటి కుక్కర్ అని తేలింది. ఇలాంటివి వచ్చినప్పుడు మూడే అడిగేవాణ్ణి. ఎవరు చూశారు, ఎన్ని గంటలకు చూశారు, ఇంకెవరైనా చూశారా. నూటికి తొంభై వార్తలు మూడో ప్రశ్న దగ్గరే పడిపోయేవి. ఆత్మల వార్త ఒక్కటి కూడా నా చేతుల మీదుగా అచ్చు కాలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ మూడు ప్రశ్నలకు కట్టుబడే రాస్తున్నాను.

మా ఇల్లు కొత్తపేటలో, పండ్ల మార్కెట్‌కి నడిచి వెళ్లేంత దూరంలో. మేము కృష్ణా జిల్లా వాళ్లం. పిల్లలు లేరు. కింది వాటా వాళ్లు లాక్‌డౌన్‌లో ఖాళీ చేశారు. మేము పై వాటాలో ఉండేవాళ్లం. దాని మీద డాబా, డాబా మీద హైమ తోట.

హైమ ఆ తోటను చలికాలం కోసమే పెంచేది అనొచ్చు. ఎండాకాలం ఏదో బతికించడమే. వినాయక చవితి వెళ్లాక అసలు పని మొదలు. పండ్ల మార్కెట్‌లో పారేసే పెట్టెలు, వాటిలోని గడ్డి తెచ్చేది. పెట్టెల్లో మట్టి నింపి, మీద గడ్డి పరిచేది. క్యాబేజీ, టమాటా, చిక్కుడు, చామంతి. నారుకి మాత్రం ప్లాస్టిక్ వాడేది కాదు. పాత పేపరు పేజీని నిలువుగా మూడు మడతలు పెట్టి, స్టీలు గ్లాసుకి చుట్టి, అడుగు మడిచి చిన్న కుండీ చేసేది. అంచును రెండుసార్లు బయటికి మడిచేది. మొక్క ఎదిగాక కాగితంతో సహా పెట్టెలో పాతేది. ఎక్కువగా నా జోన్ పేజీలే వాడేది. "మీ వార్తల్లో పనికొచ్చేది ఇదొక్కటే" అనేది.

డాబాకి, పక్కన కడుతున్న బిల్డింగు రెండో అంతస్తు స్లాబుకి ఎత్తు దాదాపు ఒకటే. మధ్యలో నాలుగడుగుల సందు. మాకు పిట్టగోడ ఉంది. వాళ్ల స్లాబుకి ఇంకా ఏ గోడా కట్టలేదు. కింద ఇనుప చువ్వల కట్టలు, కంకర. యాదమ్మ ఆ స్లాబు మీద బట్టలు ఆరేసుకుంటూ, హైమ ఇటు నీళ్లు పోస్తూ రోజూ మాట్లాడుకునేవాళ్లు. గోంగూర కట్ట ఒకటి ఆ సందు మీదుగా విసిరితే, యాదమ్మ పట్టుకుని "పుంటికూర అనరాదు అక్కా, గోంగూర ఏంది" అని నవ్వడం నేను కిందినుంచి విన్నాను.

సెప్టెంబరులో మా ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. నాకు తగ్గింది. హైమకు ఊపిరి అందలేదు. మూడో వారంలో ఒక సాయంత్రం అంబులెన్స్ వచ్చింది. తనే నడిచి మెట్లు దిగింది. వణుకు వస్తుంటే, తెనాలి నుంచి వాళ్లక్క అల్లి పంపిన కొత్త స్వెటర్ వేసుకుంది. ఆ వారమే కొరియర్‌లో వచ్చింది. ఆకుపచ్చది, ఒక చేయి పొట్టి. అంబులెన్స్ ఎక్కే ముందు వెనక్కి తిరిగి, "నారుకి నీళ్లు పొయ్యండి. పొద్దున్నే పొయ్యండి. ఎండెక్కాక పోస్తే వేర్లు ఉడికిపోతాయి" అంది.

తను నాతో అన్న ఆఖరి మాట అది. నేను పోయలేదు. మొదటి వారం జ్వరం. ఆ తర్వాత, తొమ్మిదో రోజున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చాక, డాబా మెట్ల దగ్గరున్న ఇనుప గేటుకి తాళం వేసి, తాళంచెవి వంటింట్లో మేకుకు తగిలించాను. మళ్లీ తీయలేదు.

మొహం చూడనివ్వలేదు. మూటకట్టిన దాన్ని దూరం నుంచి చూపించారు. వెంట పంపిన బ్యాగు, స్వెటర్, ఏవీ తిరిగి రాలేదు. ఇంటి ముందు టెంటు లేదు, జనం లేరు, పదకొండో రోజున నేనూ ఒక పురోహితుడూ మాత్రమే. అందుకని వీధిలో సగం మందికి తెలియనే తెలియదు.

పత్రికలో మరణవార్తలు దిద్దేటప్పుడు నేను కఠినంగా ఉండేవాణ్ణి. తుదిశ్వాస విడిచారు, అనంతలోకాలకు తరలిపోయారు, ఇవన్నీ కొట్టేసి మృతి చెందారు అని రాసేవాణ్ణి. హైమ విషయంలో మాత్రం ఆ మాట నోటికి రాలేదు. అడిగినవాళ్లకు "పోయింది" అని చెప్పాను. మా వైపు అలాగే అంటారు.

డిసెంబరు రెండో వారం, ఒక సాయంత్రం ఐదున్నరకు, నర్సింహ అనే కంట్రిబ్యూటర్ బాక్స్ ఐటమ్, అంటే గడి కట్టి వేసే చిన్న వార్త, ఒకటి పంపాడు. నర్సింహను నేను ఎప్పుడూ చూడలేదు, ఫోన్‌లోనే పరిచయం. నా ఇల్లెక్కడో అతనికి తెలియదు. మిద్దె తోట మీద వార్త. కరోనా మహమ్మారిని జయించి, వణికించే చలిని సైతం లెక్కచేయక, పచ్చని ఆశలు పండిస్తున్న గృహిణి గురించి. నేను అలవాటుగా విశేషణాలు కొట్టేసుకుంటూ వెళ్లాను. నాలుగో వాక్యంలో పేరు వచ్చింది. కొత్తపేట, మా కాలనీ, హైమవతి. రోజూ తెల్లారగానే నీళ్లు పోస్తుందని, ఇరుగుపొరుగుకి నారు పంచుతుందని పక్క బిల్డింగులో ఉండే యాదమ్మ తెలిపారు, అని ఉంది.

పోయిన సంవత్సరం సమాచారం ఎవరో చెబితే రాసేశాడు అనుకున్నాను. ఫోన్ చేశాను.

"నర్సింహా, ఈ తోట ఐటమ్ ఎవరు చెప్పారు?"

"నేనే చూసిన సార్. మార్కెట్ దిక్కు పోతుంటే గోడ మీదికెల్లి చిక్కుడు తీగ కిందికి దిగింది. మంచిగనిపిచ్చి ఆగిన. మిగిలిందంత వాచ్‌మన్ భార్య చెప్పింది."

"తోట ఆవిడని చూశావా?"

"చూసిన. నీళ్లు పోస్తుండె. అమ్మా, పేపరోళ్లం, ఒక్క ఫొటో అన్న. ఇటు తిరగలె."

"ఎన్ని గంటలకు?"

"ఏడు కాలే సార్. మంచు ఇంక ఉండె. ఏమైంది సార్, పేరు తప్పు పడ్డదా?"

"లేదు. పేరు సరిగ్గానే ఉంది" అన్నాను.

అతను పంపిన ఫొటోలో మనిషి లేదు. మా పిట్టగోడ, దాని మీద నుంచి చిక్కుడు తీగ, డాబా నీళ్లు కిందికి పోయే గొట్టం ఉన్నాయి. గొట్టం మూతి దగ్గర నీటి ధార కనిపిస్తోంది. మా దగ్గర వాన పడి నెల దాటింది. ఐటమ్‌ను పక్కన పెట్టాను.

మర్నాడు ఎనిమిది గంటలకు మేకు మీది తాళంచెవి తీశాను. తాళం తుప్పు పట్టి తిరగలేదు. కొబ్బరినూనె పోసి పావుగంట ఆగాల్సి వచ్చింది. ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే మా ఇంట్లోంచి డాబాకి వేరే దారి లేదు.

పైన తోట ఉంది. ఎండిపోయిన నారు కోసం సిద్ధపడి వెళ్లాను. పెట్టెల్లో క్యాబేజీలు ఆకు ముడుచుకుంటున్నాయి. చిక్కుడుకి తాళ్లు కట్టి ఉన్నాయి. టమాటా పూత మీద ఉంది. అక్టోబరు వానలకు సరూర్‌నగర్ వైపు కాలనీల్లోకి పడవలు వచ్చాయి కాబట్టి, నారు వానకే బతికిందని ఒప్పుకోవచ్చు. కానీ నారు తనంతట తాను పెట్టెల్లోకి వెళ్లదు. ప్రతి మొక్క మొదట్లో మట్టిలోంచి కాగితపు అంచు కనిపిస్తోంది. ఒకదాని మీద నేను పెట్టిన శీర్షిక సగం చదవగలిగాను. మట్టిలో వేలు గుచ్చాను. రెండో కణుపు దాకా తడి. మగ్గు ఎప్పటిలా బకెట్ మీద బోర్లించి ఉంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అప్పటికి పది రోజులుగా, తెల్లవారుజామున నిద్రలో పైన బకెట్ జరిపిన చప్పుడు నేను వింటూనే ఉన్నాను. ఇరవై ఏళ్లుగా విన్న చప్పుడు వినిపిస్తే మెలకువ రాదు.

యాదమ్మే సందు దాటి వస్తోందని నా మొదటి అనుమానం. ఆమెకు యాభై దగ్గర పడుతోంది, మోకాళ్ల నొప్పులు. అయినా కిందికి దిగి అడిగాను.

"నేనెందుకొస్త సారు? అక్క పోస్తనే ఉండె గదా" అని నవ్వింది. "నువ్వు పొద్దెక్కేదాక పండుకుంటవ్, నీకేం ఎరుక. పెండ్లాం ఊరికెల్లొచ్చి పది దినాలాయె, గది గూడ సూడకపోతివా?"

ఊరి నుంచి వచ్చింది అంటోంది. అప్పుడు అర్థమైంది. ఎప్పుడు పోయింది, ఒక్కతే పోయిందా, ఎట్ల పంపినవ్. నేను చనిపోయింది అని చెప్పాననుకున్నాను. ఆమె ఊరెళ్లింది అని విన్నది. ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో, ఈ భాష మధ్య, మాటలు దిద్దే పనిలో ఉండి, ఇక్కడ పోవడమంటే వెళ్లడమే అన్న సంగతి నాకు తట్టలేదు.

అప్పుడే చెప్పాల్సింది. ఒక్క వాక్యం. చెప్పలేదు.

బదులుగా, "ఏమైనా మాట్లాడిందా?" అని అడిగాను.

"యాడ మాట్లాడుతది. ఎప్పుడొచ్చినవ్ అక్కా అంటే నవ్వింది. బీమారొచ్చి సన్నగైంది పాపం. గా స్వెటర్ ఎవలు అల్లిండ్రు సారు? ఒక చెయ్యి పొట్టిగుంది!"

యాదమ్మ ఏప్రిల్‌లో ఊరెళ్లింది. స్వెటర్ సెప్టెంబరులో వచ్చింది. అది ఇక్కడ చూసినవాళ్లు నేను, హైమ, అంబులెన్స్ వాళ్లు.

తర్వాతి ఎనిమిది రోజులు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రోజూ ఏడు గంటల పది నిమిషాలకు పాలకు దిగేవాణ్ణి. యాదమ్మ గేటు దగ్గర హైమ కబుర్లు చెప్పేది. ఇయ్యాల చామంతి మొగ్గలు తుంచింది. ఇయ్యాల దగ్గలేదు. ఇయ్యాల శానా సేపు మీ కిటికీ దిక్కు వంగి సూసింది. నేను నిలబడి వినేవాణ్ణి. ఆమె మధ్యలో "మీరిద్దరు మాట్లాడుకుంటలేరా ఏంది? కొట్లాడిండ్రా?" అని కూడా అడిగింది. కొంచెం, అన్నాను.

నేను కూడా చూడాలని రెండు రోజులు ఆరింటికే డాబా మీదకెళ్లి కూర్చున్నాను. మంచు, దూరంగా మెట్రో చప్పుడు. ఎవరూ రాలేదు. ఆ రెండు రోజులూ నేను వెళ్లేసరికి మట్టి పొడిగానే ఉంది. నేనే నీళ్లు పోశాను. మధ్యాహ్నానికి ఆకులు వాడిపోయాయి. మూడో రోజు వెళ్లకుండా మంచంలోనే ఉన్నాను. ఆరూ నలభైకి బకెట్ జరిగింది. కళ్లు మూసుకునే ఉన్నాను. లేచి వెళితే ఆగిపోతుందని తెలుసు.

తొమ్మిదో రోజు యాదమ్మ బాగా హుషారుగా ఉంది.

"అక్క మాట్లాడుతుంది సారు ఇప్పుడు. నాకు గూడ నారిస్త అన్నది. గట్లనే ఇసిరెయ్యి, పట్టుకుంట అంటే, ఇయ్య, నువ్వే వచ్చి తీస్కపో అన్నది."

"ఎలా వస్తావు?"

"సందే గదా. ఒక్క అంగ వెయ్యి, నేను చెయ్యి పట్టుకుంట అంటది. నిన్ననే దాటుతుంటి, మా ఆయన కిందికెల్లి పిలిచిండు. నువ్వు పాలు తీస్కొని పో, నేను ఇప్పుడే పోయి తెచ్చుకుంట."

ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని ఉంది. సందులో ఇనుప చువ్వలు నిలబెట్టి ఉన్నాయి. మంచుకి తడిసి మెరుస్తున్నాయి.

"వెళ్లకు. హైమ లేదు, యాదమ్మా."

"ఇంట్ల లేదా? ఉంది, దాబ మీదనే ఉంది. ఇప్పుడే సూసొచ్చిన."

"అది కాదు. హైమ ఇక లేదు."

"మల్ల ఊరికి పోతదా? అందుకేనా కొట్లాట?"

ఆమె వాళ్ల బిల్డింగు మెట్ల వైపు తిరిగింది. నా దగ్గర ఇంకో మెత్తని మాట మిగల్లేదు.

"చచ్చిపోయింది యాదమ్మా. సెప్టెంబరులో చచ్చిపోయింది. దవాఖానలో."

ఆ మాట నేను అప్పటిదాకా అనలేదు, రాయలేదు, మనసులో కూడా అనుకోలేదు.

యాదమ్మ మెట్టు మీద నుంచి కాలు వెనక్కి తీసింది.

"మల్ల పోయింది అంటివి."

"అదే చెప్పాను."

"పోయింది అంటే పోయింది అనుకున్న సారు."

తర్వాత తన కుడి చేతిని చూసుకుంది. "మొన్న నా చెయ్యి పట్టుకుంది" అంది నెమ్మదిగా. "సందు మీదికెల్లి వంగి పట్టుకుంది. సల్లగుండె. నీళ్లల్ల పెట్టిన చెయ్యి గదా, చలికాలం గదా అనుకున్న. మరి గా చెయ్యి ఎవల్ది సారు?"

ఇద్దరం పైకి చూశాం. మా డాబా గొట్టం నుంచి నీళ్లు పడుతున్నాయి. మొక్కలకు పోసినప్పుడు ఎప్పుడూ కొంచెం అలా కారేది. మేము చూస్తుండగానే ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది. ఈ మొత్తంలో నేను స్వయంగా, మెలకువగా, పక్కన మరో మనిషి ఉండగా చూసింది ఇది ఒక్కటే. అప్పుడు టైము ఏడూ ఇరవై.

పైకి వెళ్లాను. ఎవరూ లేరు. పెట్టెలన్నీ తడిగా ఉన్నాయి. సందు వైపు పిట్టగోడ మీద రెండు కాగితపు కుండీలు, వాటిలో టమాటా నారు. అంచు రెండుసార్లు బయటికి మడిచి ఉంది. చేతిలోకి తీసుకుని చూశాను. అది ముందు రోజు జోన్ పేజీ. ఆ పేపరు నా గదిలో, నా బల్ల కింద ఉండాలి. కిందికెళ్లి చూస్తే మెయిన్ పేపరు ఉంది, జోన్ పేజీలు లేవు.

ఒక కుండీ యాదమ్మకు. రెండోది ఎవరి కోసమో నాకు తెలియదు. ఆ డాబా మీదకు యాదమ్మ కాక ఇంకెవరు వస్తారా అని ఆలోచిస్తే ఒక్క నా పేరే తడుతుంది.

మర్నాటి నుంచి ఆరూ నలభైకి పైన చప్పుడు లేదు. నేను రోజూ తెల్లారగానే వెళ్లి, ఎండెక్కక ముందే, హైమ చెప్పినట్టే నీళ్లు పోశాను. వారంలో క్యాబేజీలు గోధుమరంగుకు తిరిగాయి. పది రోజుల్లో అంతా పోయింది. పీకి చూస్తే వేర్లు మెత్తగా, ఉడికినట్టు ఉన్నాయి.

నర్సింహకు నిజం చెప్పాను. "నేను చూసింది ఆడమనిషినే సార్" అన్నాడు. ఆ వార్త గురించి మళ్లీ అడగలేదు.

దీనికి వివరణలు వెతికాను. తుప్పు పట్టిన తాళం, స్వెటర్ చేయి, జోన్ పేజీ, ఈ మూడూ ఏ వివరణలోనూ పట్టవు. ఒక్కొక్కటి విడిగా తోసెయ్యగలను. మూడూ కలిపి ఇంతవరకు తోసెయ్యలేకపోయాను. ఆ వచ్చింది హైమే అని కూడా అనలేను. ముప్పై ఏళ్లలో హైమ ఎవరినీ గోడ లేని చోట నుంచి దాటమనలేదు. పిల్లి ఆ పిట్టగోడ ఎక్కినా కంగారుపడేది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. యాదమ్మ ఆ ఉదయం హుషారుగా ఆ సంగతి చెప్పకుండా దాటి ఉంటే? ఎనిమిది రోజులు నేను చెప్పకపోవడానికి కారణం మరిచిపోవడం కాదు, మొహమాటం కాదు. ఆమె నోటి నుంచి రోజూ కొంచెం హైమ వస్తోంది, అది ఆగిపోతుందని. నీళ్లు పోయమంటే పోయలేదు. చెప్పాల్సింది చెప్పలేదు. రెండూ నేనే చేశాను.

నెలాఖరుకి యాదమ్మ వాళ్లు హయత్‌నగర్ దగ్గర ఇంకో బిల్డింగుకి మారారు. ఆటోలో సామాను ఎక్కించాక చెప్పిపోవడానికి గేటు దగ్గరకు వచ్చింది. కుడి చేతికి నల్ల తాడు కట్టుకుంది. "పోయి..." అని మొదలుపెట్టి ఆగింది. పోయొస్త అనడం వాళ్ల అలవాటు. నా మొహం చూసి, "ఒస్త సారు" అని మార్చుకుంది.

పక్క బిల్డింగు పూర్తయింది. ఇప్పుడు ఆ వైపు వాళ్లకూ గోడ ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు మేడమ్ గారు ఏరి అని అడుగుతుంటారు. చనిపోయింది అని చెబుతాను. పోయింది అనడం మానేశాను.